సాంసన్ మార్చిన ర్యామ్

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో, పురుగుమందుల దుకాణాన్ని ఆనుకుని సాంసన్ షాపు ఉంటుంది. బోర్డు మీద ‘కంప్యూటర్లు’ అని మాత్రమే రాసి ఉంటుంది. లోపల విప్పిన క్యాబినెట్లు, ఫ్యాన్లు, తీగల మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తూ చాలా మధ్యాహ్నాలు నేను ఆ కుర్చీలో కూర్చుని పుస్తకాలు చదివాను. సాంసన్ ఎప్పుడూ లెమ్మనలేదు. ఈ ఊళ్లో నన్ను లెమ్మనని చోటు అదొక్కటే.

సాంసన్‌ది లింగాల. తల్లి రూతమ్మ మేస్త్రీల వెంట మట్టిపనికి ఊళ్లు పట్టి తిరిగిన మనిషి. కాలువ ఎక్కడ తవ్వుతుంటే అక్కడే గుడిసె. ఆ గుడిసెల్లోనే సాంసన్ పెరిగాడు. పదో తరగతి తప్పాక హైదరాబాదు శివార్లలో ఒక తుక్కు గోదాములో లోడింగ్ పనికి కుదిరాడు. పెద్ద ఆఫీసులు కొన్నేళ్లు వాడి వదిలించుకున్న సర్వర్లు అక్కడికి లారీల్లో వచ్చేవి. వాటిని విప్పి ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప, బోర్డులు ఒక కుప్ప పోయాలి. ప్రాసెసర్లను అడుగున ఉన్న బంగారు పూత కోసం తూకానికి అమ్మేవారు. ఒకరోజు ఊరికే చూద్దామని సాంసన్ వాటిలో ఒకదాన్ని వేరే బోర్డులో బిగించి కరెంటు ఇచ్చాడు. అది లేచింది.

“గవి సచ్చినయి కావు తమ్మీ, పనిలకెళ్లి తీసేసినయి,” అనేవాడు నాతో.

చచ్చినదానికీ, పనిలోంచి తీసేసినదానికీ తేడా మా జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

గోదాము వదిలి వచ్చాక అదే అతని బతుకుతెరువు అయింది. జియాన్ అనే ఆ సర్వర్ ప్రాసెసర్లను మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పెట్టి, కొత్త మెషిన్ కొనలేని వాళ్లకు కట్టి ఇచ్చేవాడు. ఫొటో స్టూడియోల వాళ్లు, ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు, ఆటల పిచ్చి ఉన్న కాలేజీ పిల్లలు వచ్చేవారు. గద్వాల నుంచి, వనపర్తి నుంచి, బల్మూర్ నుంచి కూడా.

చూడ్డానికి ఆ ప్రాసెసర్లన్నీ ఒకేలా ఉంటాయి. కానీ కొన్నింటిలో కోర్లు ఎక్కువ, ఒక్కో కోరు వేగం తక్కువ. పెద్ద ముఠా వచ్చి నిదానంగా పని చేసినట్టు ఉంటుంది. కొన్నింటిలో కోర్లు తక్కువ, వేగం ఎక్కువ. ఆ రెండో రకంలోనూ చాలావాటి వేగానికి కంపెనీ తాళం వేసి పంపుతుంది. ఏవో కొన్నింటికే వేయదు. తాళం లేనిదాన్ని ఏరి పట్టుకుని, దాని మీద రాగి గొట్టాల కూలరు బిగించి, రాసి ఉన్న వేగం కన్నా పైకి లేపడం సాంసన్‌కు పండగ. స్క్రీను మీద అంకె పెరిగినప్పుడల్లా మోకాలు మీద చరుచుకునేవాడు.

మెషిన్ పని చేస్తున్నంతసేపూ రాసుకునే పలక లాంటి ర్యామ్ దగ్గర మాత్రం మనిషి ఏదో ఒకటి ఎంచుకోవాలి. సర్వర్ ర్యామ్ ఒక రకం. అందులో అదనంగా ఒక చిప్పు ఉంటుంది. రాసుకున్నదాంట్లో ఎక్కడైనా ఒక చుక్క తప్పిపోతే తనే పట్టుకుని దిద్దుకుంటుంది. కానీ నిదానం, బెదిరించినా వేగం పెంచదు. మామూలు ర్యామ్ ఇంకో రకం. అదిలిస్తే పరుగెత్తుతుంది, తప్పు పడితే మాత్రం చెప్పదు. రెండూ ఒకే బోర్డులో కలిపి పెడితే మెషిన్ అసలు లేవదు. ఇదో అదో తేల్చుకోవాల్సింది కట్టేవాడే. కొనేవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

కోడేరులో ఫొటో స్టూడియో పెట్టుకున్న శ్రవణ్ కుమార్ మాఘమాసం పెళ్లిళ్లకు ముందు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటి దగ్గర మెట్టపొలం ఉంది, బోరు ఎండిపోయాక కెమెరా పట్టాడు. తీయడం అతని పని. తీసినదాన్ని కోసి, కూర్చి, పాటలు కలిపి పెళ్లి వీడియో చేయడం భార్య సుహాసిని పని. ఫోనులో చూసి నేర్చుకుందట. ఆ చుట్టుపక్కల ఊళ్లలో శ్రవణ్ కన్నా ఆమె పేరే ఎక్కువ వినపడేది. “సుహాసినమ్మ చేస్తే సినిమా లెక్క ఉంటది” అనేవారు. తోటికోడళ్లు పొలానికి పోతుంటే ఆమె మాత్రం కుర్చీలో కూర్చుని పని చేసేది; ఆ కుర్చీ కోసం ఇంట్లో ఎన్ని మాటలు పడిందో ఆమెకే తెలుసు.

“వనపర్తిల కొత్త మెషిన్ రేటు అడిగినం అన్నా,” అన్నాడు శ్రవణ్. “ఇనంగనే నాకు జరమొచ్చింది.”

“గా కొత్త మెషిన్ కన్న నాది ముందల ఉరకకపోతే నా పేరు మార్చుకుంట,” అన్నాడు సాంసన్.

“నీ పేరు మార్చుకుంటే మాకేమొస్తదన్నా?” అంది సుహాసిని. “ఉరకకున్నా మంచిదే. నడుమల ఆగకుంట, ఉన్నది ఖరాబ్ చెయ్యకుంట ఉంటే సాలు.”

సాంసన్ నవ్వాడు. అతని సొరుగులో ఆ బోర్డుకు సరిపోయే సర్వర్ ర్యామ్ కడ్డీలు ఉన్నాయి. ఆమె అడిగింది అదే. కానీ అవి పెడితే పరుగు పందెంలో వనపర్తి మెషిన్ను దాటడం కష్టం. పేరు మార్చుకుంటానని నలుగురి ముందు అనేశాడు. అందుకని పాత కంప్యూటర్ల నుంచి తీసిన మామూలు ర్యామ్ ఏరి పెట్టాడు. ప్రాసెసర్‌ను పైకి లేపాడు, ర్యామ్‌నూ పైకి లేపాడు.

అలా వేగం పెంచాక ర్యామ్‌కు పరీక్ష పెట్టాలి. స్క్రీను నిండా అంకెలు పారుతుంటాయి. తప్పు దొరికితే ఎర్ర గీత పడుతుంది. ఒక్కటి పడినా ఆ వేగం పనికిరాదని అర్థం. గురువారం సాయంత్రం ఒకటి పడింది. సాంసన్ నాలుక కరుచుకుని వేగం ఒక మెట్టు దించాడు, పరీక్ష మళ్లీ మొదలుపెట్టి ఇంటికి వెళ్లాడు. మధ్యలో కరెంటు పోయింది. పొద్దున వచ్చి మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

శుక్రవారం. శ్రవణ్ కొబ్బరికాయ, అగరుబత్తులు, పసుపు కుంకుమ పట్టుకుని దిగాడు.

“అన్నా, పదిన్నరకు రాహుకాలం. గంతల్నే బయటపడాలె.”

“ఇంక సగం కూడా కాలేదు. మధ్యాహ్నం తీస్కపో.”

“రాహుకాలం అయినంక వర్జ్యం. రేపేమో కోడేరు పక్కన పెండ్లి. ఇయ్యాల పెట్టకుంటే ఇగ ఈ సీజనంత గంతే. ఏందన్నా, నీకు నమ్మకం లేకపోతే నాకు గూడ లేదనుకున్నవా?”

సాంసన్ గడియారం చూశాడు, స్క్రీను చూశాడు. అప్పటిదాకా ఎర్ర గీత పడలేదు. పరీక్ష ఆపేశాడు.

శ్రవణ్ క్యాబినెట్‌కు మూడు చోట్ల బొట్లు పెట్టి, గడప మీద కొబ్బరికాయ కొట్టాడు. సాంసన్ పక్కకు నిలబడి చేతులు కట్టుకున్నాడు.

“నీ యేసుప్రభువును గూడ జర సూస్కొమ్మను అన్నా!”

“ఆయనకు రాహుకాలం లేదు లే,” అన్నాడు సాంసన్. ముగ్గురం నవ్వాం. బండి మీద మెషిన్ను తాళ్లతో కట్టి శ్రవణ్ పదిన్నర కాకముందే సందు దాటాడు.

మర్నాటి పెళ్లి అమృతమ్మ, హన్మంతుల కూతురిది. కోడేరు పక్కన చిన్న పల్లె, పల్లి పండించే కుటుంబం. పెళ్లి అయ్యాక సుహాసిని కెమెరా కార్డుల్లోని వీడియో అంతా కొత్త మెషిన్‌లోకి ఎక్కించింది. మొదట్లో కాస్త తెరిచి చూసుకుంది, బాగానే ఉంది. అందులోంచే ఇంకో డిస్కులోకి ఒక కాపీ తీసింది. తర్వాతి ముహూర్తానికి కార్డులు కావాలి కనుక శ్రవణ్ వాటిని తుడిచేశాడు. సీజన్లో అందరూ చేసేదే.

పెళ్లయిన కొన్నాళ్లకు హన్మంతు పొలం దగ్గర గుండె పట్టుకుని పడిపోయాడు. దవాఖానకు చేరలేదు. దినాలయ్యాక అమృతమ్మ స్టూడియోకు వచ్చి, అప్పగింతలు చూపించమంది. బిడ్డ చేతిని అల్లుడి చేతిలో పెడుతూ హన్మంతు ఏదో అన్నాడట. ఏడుపుల మధ్య ఆమెకు వినపడలేదు. ఆ మాట ఇప్పుడు కావాలి.

సుహాసిని ఆ భాగం తెరిచింది. హన్మంతు ముందుకు వచ్చాడు. అంతలో అతని ముఖం ఆకుపచ్చ, గులాబీ రంగుల గళ్లయిపోయింది. గళ్లు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. మాట బదులు గరగరమని శబ్దం. అలా అప్పగింతలన్నీ. కాపీ తెరిస్తే కాపీలోనూ అంతే.

“నా మొగని మొఖం యాడ పెట్టినవ్ పిల్లా?” అంది అమృతమ్మ.

సుహాసిని ఫైలు మూసి మళ్లీ తెరిచింది.

“అందరి మొఖాలు మంచిగనే ఉన్నయి. వంట మనిషి మొఖం ఉన్నది, బ్యాండోళ్ల మొఖాలున్నయి. గాయినదే లేకపాయె. ఏం జేసినవ్ చెప్పు!”

శ్రవణ్ భార్య మీద అరిచాడు. ఎక్కించేటప్పుడు ఏదో నొక్కావన్నాడు. ఏదో నొక్కానేమోనని ఆమెకే అనుమానం పట్టింది. వారం తిరగకుండా ఆ మాట ఊళ్లు చుట్టింది. ఇంకో పెళ్లి వీడియోలో కూడా అక్కడక్కడ గళ్లు పడేసరికి, ఆ పిల్ల చెయ్యి మంచిది కాదన్నారు. ఆ పిల్ల తాకినవాళ్లకు కీడు అన్నారు. హన్మంతు చావు ఆమె చేతిలోంచే వచ్చినట్టు మాట్లాడారు.

ఇదంతా శ్రవణ్ మెషిన్ పట్టుకుని షాపుకు వచ్చి చెప్పాడు.

“మెషిన్ల ఏమన్న ఉంటే చెప్పన్నా. లేకుంటే ఇగ గామెను కూసోనియ్య. మా అమ్మ రోజు ఒర్రుతుంది, పొలానికి తోలమని.”

నేను పుస్తకం మీదనుంచి తలెత్తాను. సాంసన్ ముఖం కనపడలేదు. క్యాబినెట్ మూత విప్పుతూ వంగి ఉన్నాడు.

“సూస్త. రేపు రా,” అన్నాడు.

శ్రవణ్ వెళ్లాక పరీక్ష పెట్టాడు. మధ్యాహ్నం ఎండకు షాపులో రేకులు కాలుతున్నాయి. మాఘమాసపు చల్లదనం లేదు ఇప్పుడు. ఒక గీత పడింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి స్క్రీను అడుగుభాగమంతా ఎరుపెక్కింది. ఆమె కార్డు నుంచి ఎక్కించిన ప్రతి ముక్కా ఈ ర్యామ్ గుండానే డిస్కులోకి వెళ్లి ఉంటుంది, దారిలో చుక్కలు రాల్చుకుంటూ.

సాంసన్ సొరుగు తెరిచి సర్వర్ ర్యామ్ తీశాడు. పాతవి పీకి అవి పెట్టాడు. ప్రాసెసర్ వేగం కూడా దించి, పరీక్ష మొత్తం అయ్యేదాకా నడిపాడు. ఒక్క గీత లేదు. పీకిన కడ్డీలను జేబులో వేసుకున్నాడు.

“చెప్తవా?” అన్నాను.

“గద్వాలల ఉన్నయి, వనపర్తిల ఉన్నయి, బల్మూర్ల ఉన్నయి. అన్నిట్ల గిట్లాంటి ర్యామే. ఒక్కటి ఒప్పుకుంటే అన్ని తిరిగొస్తయి తమ్మీ. ఇగ షాపు మూసి మా అమ్మ లెక్క తట్ట పట్టాలె.”

మర్నాడు శ్రవణ్ వచ్చాడు.

“ఏముండె అన్నా?”

“ఏం లేదు,” అన్నాడు సాంసన్. “మెషిన్ మంచిగనే ఉంది. దుమ్ముంటే దులిపిన.”

శ్రవణ్ తలాడించి మెషిన్ ఎత్తుకుపోయాడు. సుహాసినిని కుర్చీలోంచి లేపి, తనే కూర్చున్నాడు. పని నిదానం, కూర్పు మొరటు. కానీ ఒక్క ఫైలు చెడలేదు. నెల తర్వాత ఫోను చేశాడు. సాంసన్ స్పీకర్‌లో పెట్టి స్క్రూలు బిగిస్తున్నాడు.

“అన్నా, నీ మెషిన్ బంగారం. గామె లేసినంక ఒక్క గడి పడలే. నేనే ఎన్కముందాడిన. అందరన్నదే నిజమైంది సూడు.”

సాంసన్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. రహస్యంగా బాగుచేస్తే కనీసం ఇక ముందు నష్టం ఉండదనుకున్నాడు. ఆ బాగుచేయడమే ఆమె మీద సాక్ష్యమైంది. ఆమె లేచిన రోజూ, ర్యామ్ మారిన రోజూ ఒకటే. మొదటిది ఊరందరికీ తెలుసు, రెండోది సాంసన్‌కూ నాకూ.

అప్పటినుంచి మనిషి తేడాగా ఉన్నాడు. ఓవర్‌క్లాకింగ్ చేయమని, అంటే వేగం పైకి లేపమని పిల్లలు అడిగితే కసురుకునేవాడు. ఎవరైనా మెషిన్ బాగుందంటే లేచి బయటికి పోయేవాడు. మొదట్లో నేను దాన్ని నటన అనుకున్నాను. మనుషుల గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు.

నెలలో మొదటి ఆదివారం లింగాల చర్చిలో ప్రభుబల్ల రొట్టె ఇస్తారు. మనసులో పాపం పెట్టుకుని ఆ రొట్టె తినకూడదని కట్టడి. సాంసన్ ముందుకు పళ్లెం వస్తే ముట్టకుండా పక్కకు జరిపాడు. చర్చిలో ఇది దాగేది కాదు. పెళ్లాం లేని మగవాడు రొట్టె ముట్టలేదంటే ఆడవాళ్లకు ఒకటే తోస్తుంది. బయటికి వచ్చేసరికి, సాంసన్ నాగర్‌కర్నూల్లో ఎవరినో పెట్టుకున్నాడని తేలిపోయింది. ఆమె కులం ఏమిటో కూడా ఎవరో చెప్పేశారట.

రూతమ్మ నేరుగా షాపుకే వచ్చింది.

“ఎవతిరా గది?”

“ఎవతి లేదమ్మా.”

“మరి రొట్టె ఎందుకు ముట్టలే? నీ అయ్య తాగి తందనాలాడినోడు, గాయిన గూడ రొట్టె ఇడువలే.”

సాంసన్ చెప్పాడు. ర్యామ్ ఏమిటో, చుక్క ఏమిటో ఆమెకు ఎక్కలేదు. చివర ఒక్కటి మాత్రం పట్టుకుంది.

“అంటే నీది గా పిల్ల మీదికి పోయింది.”

“ఊఁ.”

“పోయినదాన్ని పోనిచ్చినవ్.”

సాంసన్ బల్ల మీది స్క్రూలు ఏరి డబ్బాలో వేశాడు.

“ఎవతో ఉన్నా బాగుండు,” అంది రూతమ్మ. కొంగు దులుపుకుని బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు సాంసన్ కోడేరు బస్సెక్కుతూ నన్ను రమ్మన్నాడు. జేబులో ఆ పాత ర్యామ్ ఉంది. వానలు మొదలయ్యాయి. ఊరి బయట పొలాల్లో ఆడవాళ్లు వరుసగా నిలబడి పత్తి గింజలు పెడుతున్నారు. అందులో సుహాసిని ఉంది. మమ్మల్ని చూసి ఒడిలో గింజలు జారకుండా కొంగు బిగించి గట్టు మీదికి వచ్చింది.

“మా ఆయన స్టూడియోల ఉంటడు అన్నా.”

“నీ కోసమే వచ్చిన చెల్లె.” సాంసన్ ర్యామ్ చేతిలోకి తీశాడు. “తప్పు గీటిది. నీది కాదు. నేను వేగం కోసం కచ్చా ర్యామ్ పెట్టిన. టెస్టు నడుమల ఆపిన. మొన్న ఎవరికి చెప్పకుంట మార్చిన.”

ఆమె ఆ కడ్డీల వైపు చూడలేదు. అతని వైపే చూస్తూ ఉంది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“మెషిన్ తెచ్చిన రోజే.”

“గా రోజే.” ఆమె చేతికంటిన మట్టిని చీరకు రాసుకుంది. “అన్నా, నేను నిద్రల గూడ ఏం నొక్కిన్నో అని యాది చేసుకుంటున్న. నాకు నేనే తప్పు జేసినట్టు కలలొస్తున్నయి. నువ్వేమో తెలిసి కూసున్నవ్.”

“కాళ్లు మొక్కుత చెల్లె…”

“నా కాళ్లెందుకు? నా మీద మాట అనుకున్న ఇండ్లకు పోయి చెప్పు. మా అత్తకు చెప్పు, ఆయనకు చెప్పు, అమృతమ్మకు చెప్పు. నేను ఎంబడొస్త. ఒక్క ఇల్లు ఇడువద్దు.”

వెళ్లాం. ఆమె ముందు, సాంసన్ వెనక, అందరికన్నా వెనక నేను. శ్రవణ్‌కు చెబితే అతను ముందు తెల్లబోయి, తర్వాత సాంసన్ కాలరు పట్టుకుని, తర్వాత భార్య వైపు చూడలేక కెమెరా సంచి సర్దడం మొదలుపెట్టాడు. కానీ మిగతా ఇళ్లల్లో జరిగింది వేరు. సాంసన్ వాకిట్లో నిలబడి, “తప్పు నాది, నేను పెట్టిన సామాను ఖరాబ్‌ది,” అంటాడు. వాళ్లు కుర్చీ వేస్తారు, చాయ్ పెడతారు.

“నువ్వు మంచోనివి సాంసనూ,” అంది శ్రవణ్ తల్లి. “ఆడివిల్ల పరేషాన్ అయితుందని నీ నెత్తినేసుకుంటున్నవ్.”

“లేదు పెద్దమ్మా, నిజంగనే నాది.”

“సూడు, ఎంత మంచితనమో!”

ఒక ముసలాయన అయితే సుహాసినికి బుద్ధి చెప్పాడు, ఇట్లాంటి అన్న దొరికినందుకు ఇకనైనా జాగ్రత్తగా ఉండి అతని మాట నిలబెట్టమని. మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి సాంసన్ మాట తడబడింది. అయిదో ఇంట్లో చాయ్ గ్లాసు తాగకుండా గడప మీద పెట్టాడు. ఒప్పుకోవడానికి వచ్చినవాడికి పేరు పెరుగుతోంది. సుహాసినికి ఏమీ తగ్గలేదు, పైగా తనకోసం ఒక మగవాడు అబద్ధమాడుతున్నాడన్న మాట కొత్తగా చేరింది. మా ఊళ్ల తెలివి మీద నాకు ఎప్పుడూ భ్రమలు లేవు గానీ, ఆ రోజు మాత్రం సిగ్గుతో నడిచాను.

అమృతమ్మ ఒక్కతే చాయ్ పెట్టలేదు. సాంసన్ చెప్పింది మొత్తం విని, “నువ్వు అబద్ధమాడుతున్నవో నిజమాడుతున్నవో నాకు తెల్వదు,” అంది. తలుపు దగ్గరికి వేసుకుంది.

బస్టాండు దగ్గర సుహాసిని ఆగింది.

“ఏమైతదో సూసినవ్ కదా. నీకేం పోకుంట చెప్తే ఎవరు నమ్మరన్నా.”

సాంసన్ షాపుకు వచ్చాక ఫోను తీసి, తను మెషిన్లు కట్టి ఇచ్చిన ప్రతివాళ్లకూ ఫోను చేయడం మొదలుపెట్టాడు. నా మెషిన్‌లో ర్యామ్ తప్పు, మీ ఫైళ్లు చెడి ఉండొచ్చు, తెచ్చి మార్పించుకోండి అని. నేను వద్దనబోయాను. అతను చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

మెషిన్లు వచ్చాయి. కొన్ని మర్యాదగా, కొన్ని తిట్లతో. గద్వాల స్టూడియో ఆయన అయితే సందులో నిలబడి అరిచాడు. “మా పెండ్లిళ్లు ఎన్ని ఖరాబైనయో నీకు ఎర్కనా? తుక్కు సామాను అమ్మి మా నోట్ల మన్ను పోస్తవా?” పురుగుమందుల దుకాణం ముందు జనం గుమిగూడారు. ఎవరో వీడియో తీశారు. సాంసన్ తల దించుకుని, “నిజమే అన్నా, నాదే తప్పు. ఇటియ్యి, మార్చిస్త,” అని అంటూనే ఉన్నాడు. సాయంత్రానికి ఆ వీడియో మూడు జిల్లాల ఫొటోగ్రాఫర్ల గ్రూపుల్లో తిరిగింది. కాలేజీ పిల్లలు రావడం మానేశారు. ప్రతి మెషిన్‌లో మామూలు ర్యామ్ తీసేసి, సర్వర్ ర్యామ్ పెట్టి, వేగం దించి, పరీక్ష మొత్తం నడిపి ఇచ్చేవాడు. సొరుగులోని ర్యామ్ అయిపోతే హైదరాబాదు వెళ్లి పాత గోదాములోనే ఏరి తెచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోని రోజులు వచ్చాయి.

ఆ వీడియో కోడేరు చేరాకగానీ అక్కడివాళ్లు నమ్మలేదు. సుహాసినితో ఇంటింటికీ వచ్చి అతను ఒప్పుకుంటే అబద్ధమైంది. గద్వాల మగవాడు వీధిలో తిడితే నిజమైంది.

శ్రావణమాసం పెళ్లిళ్ల ముందు శ్రవణ్ నుంచి కబురొచ్చింది, మెషిన్ను ఒకసారి ఇంటి దగ్గరే చూసి పొమ్మని. వెళ్లేసరికి స్టూడియోలో అమృతమ్మ కూర్చుని ఉంది. సుహాసిని గోడకు ఆనుకుని నిలబడింది. సాంసన్ కంప్యూటర్ ముందున్న కుర్చీలో కూర్చుని ర్యామ్, కూలరు, డిస్కు అన్నీ చూశాడు.

“గదాంట్ల ఉన్నంత వరకన్న సూపియ్యి,” అంది అమృతమ్మ. “మొఖం లేకున్నా సరే.”

సుహాసిని వంగి, అతని భుజం పక్కనుంచి మౌస్ కదిపి ఆ భాగం పెట్టింది. హన్మంతు ముందుకు వచ్చాడు. ముఖం గళ్లయింది. గళ్ల కింద రెండు చేతులు మాత్రం చెడకుండా ఉన్నాయి, గోళ్లలో మట్టితో సహా. ఆ చేతులు బిడ్డ చేతిని పట్టుకుని, వదలబోయి, మళ్లీ పట్టుకున్నాయి. అమృతమ్మ చివరిదాకా చూసింది.

“ఇప్పుడు ఆయన్ను తల్సుకుంటే నాకు గీ గళ్లే వస్తున్నయి,” అంది సాంసన్‌తో, కోపం లేకుండా. “ముందు మొఖమే వచ్చేది. గది గూడ తీస్కపోయినవ్.”

సాంసన్ స్క్రీను వైపే చూస్తూ ఉన్నాడు. అతని చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి.

అమృతమ్మ లేచి సుహాసిని దగ్గరికి వెళ్లింది. “చిన్న బిడ్డ పెండ్లి మార్గశిరంల అనుకుంటున్నం. నువ్వే జెయ్యాలె పిల్లా. నేనన్న మాటలు కడుపుల పెట్టుకోకు.”

“పెట్టుకున్న అవ్వా,” అంది సుహాసిని. “అయినా జేస్త.”

అమృతమ్మ వెళ్లిపోయింది. శ్రవణ్ చాయ్ తెస్తానని బయటికి జారుకున్నాడు. సాంసన్ ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. సుహాసిని కాసేపు చూసింది.

“లే అన్నా,” అంది. “పనున్నది.”

సాంసన్ లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుని, అతని వైపు తిరగకుండా, శ్రవణ్ మొరటుగా కూర్చిన పాత పెళ్లి ఒకటి తెరిచి మొదటి నుంచి కోయడం మొదలుపెట్టింది.